అయిదు వాట్లు చాలు



పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఎనిమిదో తరగతి పాప నాన్నగారు ఒకరు అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరికి వచ్చారు. "సార్, మా పాప శనివారం రేడియో క్లబ్బని సాయంత్రం దాకా ఇక్కడే ఉండిపోతోంది. ఇంటికొచ్చాక కూడా రేడియో పట్టుకుని మేడెక్కి ఏదో రాసుకుంటోంది. మొన్న యూనిట్ టెస్టులో లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గాయి. ఈ రేడియోకు మార్కులేమైనా ఉంటాయా?" అని అడిగారు. కోపంగా అడగలేదు. ఫీజు కడుతున్న తండ్రి అడగాల్సిన మాటే అడిగారు.

అదే రోజు ఇంకొకాయన వేరే సలహా ఇచ్చారు. "క్లబ్బంటూ పెట్టాక ఈ చిన్న చిన్న కిట్లెందుకు సార్? తలా కొంత వేసుకుంటాం, వంద వాట్ల పెద్ద సెట్టు కొనేద్దాం. చేస్తే ఘనంగా చేయాలి" అన్నారు.

ఇద్దరికీ అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ పేజీలో చెబుతాను. మొదటాయనకు నా జవాబు: మార్కులుండవు, అయినా పాపను ఆపకండి. రెండో ఆయనకు: మీ పెద్ద మనసుకు కృతజ్ఞతలు, కానీ అయిదు వాట్లు చాలు. నా దృష్టిలో ఈ రెండూ ఒకే జవాబు. అదెలాగో చదివాక మీరే చెప్పండి.

ఇంతకీ ఏమిటీ రేడియో?

మీలో చాలామందికి రేడియో అంటే వినేది. హామ్ రేడియో అంటే వినడమే కాదు, మనమూ మాట్లాడవచ్చు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, మనకంటూ ఒక కాల్ సైన్ సంపాదించుకుంటే, ప్రపంచంలో ఏ మూలనున్న హామ్‌తోనైనా మాట్లాడవచ్చు. మధ్యలో సెల్ టవర్ ఉండదు, ఇంటర్నెట్ ఉండదు, నెలనెలా రీచార్జి ఉండదు. ఇటు ఒక పెట్టె, ఒక తీగ. అటు ఒక పెట్టె, ఒక తీగ. మధ్యలో ఆకాశం.

ఈ హాముల్లో ఒక రకం వాళ్లున్నారు. పెద్ద సెట్లు కొనగలిగినా కొనకుండా, వీలైనంత తక్కువ శక్తితో ఎంత దూరం పోగలమో చూస్తారు. దీన్ని క్యూఆర్‌పీ అంటారు. టెలిగ్రాఫ్ కాలం నుంచి వచ్చిన సంకేత భాషలో ఈ మూడక్షరాలకు 'శక్తి తగ్గించు' అని అర్థం. మోర్స్ సంకేతాలకైతే 5 వాట్లు, మాటకైతే 10 వాట్లు దాటకూడదన్నది వాళ్ల మధ్య కట్టుబాటు. మీ వరండాలో వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు ఉంటుంది. దానిలో సగం శక్తితో జహీరాబాదు నుంచి రష్యాతో, జపాన్‌తో మాట్లాడటం సాధ్యమే. రోజూ కాదు, అడిగినప్పుడల్లా కాదు. కానీ సాధ్యమే.

అమెరికాలోని క్యూఆర్‌పీ క్లబ్బు ఒకటి వాటుకు వెయ్యి మైళ్లు సాధించిన వాళ్లకు సర్టిఫికెట్ ఇస్తుంది. మన లెక్కలో వాటుకు 1,609 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి లండన్ సుమారు 7,700 కిలోమీటర్లు. అయిదు వాట్లతో లండన్ చేరితే ఈ లెక్కకు కాస్త తక్కువవుతుంది. నాలుగు వాట్లకు దిగితే దాటుతుంది. అంటే ఈ ఆటలో గెలవాలంటే శక్తి పెంచకూడదు, తగ్గించాలి. మన పిల్లలు ఆడే మరే ఆటలోనూ ఇలాంటి లెక్క లేదు.

మాచునూర్‌లో ఆగే అల, మాస్కో చేరే అల

మన పక్కనే ఉన్న ఒక ఉదాహరణతో దీన్ని అర్థం చేసుకోవచ్చు. మాచునూర్‌లోని సంఘం రేడియో మీరు వినే ఉంటారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో మన పల్లె మహిళలే నడుపుతున్న స్టేషన్. 2008 అక్టోబరు 15న మొదలైంది. దేశంలో కమ్యూనిటీ రేడియోకు దారి చూపిన స్టేషన్లలో అది ముందు వరసలో ఉంటుంది. కమ్యూనిటీ రేడియో నిబంధనల ప్రకారం అలాంటి స్టేషన్ ప్రసార శక్తి సాధారణంగా వంద వాట్లకు మించకూడదు. చుట్టుపక్కల పాతిక కిలోమీటర్ల లోపు పల్లెలకు బాగా వినిపిస్తుంది, తర్వాత ఆగిపోతుంది. చుట్టూ ఉన్న ఊళ్ల కోసమే పెట్టిన రేడియో కాబట్టి అది దానికి సరిగ్గా సరిపోతుంది.

మరి వంద వాట్ల అల పాతిక కిలోమీటర్ల దగ్గర ఆగిపోతే, అయిదు వాట్ల అల వేల కిలోమీటర్లు ఎలా పోతుంది? క్లబ్బు మొదటి రోజున పిల్లలకు నేను వేసిన ప్రశ్న ఇదే. జవాబు శక్తిలో లేదు, ఫ్రీక్వెన్సీలో ఉంది. సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఆ అల టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి కొంత దూరం పోయాక నేల కిందికి వంగిపోతుంది, అల పైకి వెళ్లిపోతుంది, మళ్లీ తిరిగి రాదు. హాములు ఎక్కువగా వాడే 7, 14, 21 మెగాహెర్ట్జ్ అలల సంగతి వేరు. భూమికి రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన గాలి పొర ఒకటి ఉంటుంది. అదే అయనోస్ఫియర్. ఈ అలలు ఆ పొరను తాకి వంగి మళ్లీ నేల మీదికి దిగుతాయి. ఒక్క గెంతులో మూడు వేల కిలోమీటర్ల పైనే దాటగలవు. దిగిన చోట నేల నుంచి మళ్లీ ఎగురుతాయి. రెండు గెంతుల్లో మాస్కో.

ఈ సంగతి కనిపెట్టిందీ హాములే. 1912లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, 200 మీటర్ల కంటే పొడవైన అలలు పెద్ద కంపెనీలకు, నౌకాదళానికి ఉంచి, అంతకంటే పొట్టి అలలను హాములకు వదిలేసింది. అవి దూరం పోవు, పనికిరావు అని అప్పటి నిపుణుల నమ్మకం. పదేళ్లు తిరిగేసరికి ఆ పనికిరాని అలల మీదే హాములు అట్లాంటిక్ మహాసముద్రం దాటారు. 1923 చివరికల్లా అటూ ఇటూ మాట్లాడుకున్నారు. ఆ తర్వాత పెద్ద కంపెనీలన్నీ పొట్టి అలల వెంట పడ్డాయి.

రెండు గీతల తేడా

ఇప్పుడు వంద వాట్ల సెట్టు సంగతి చూద్దాం. వందకూ అయిదుకూ ఇరవై రెట్లు తేడా. కాబట్టి అయిదు వాట్ల వాడి గొంతు ఇరవై రెట్లు బలహీనంగా వినపడుతుందని మనం అనుకుంటాం. నిజానికి అలా జరగదు.

హామ్ రేడియో మీద సిగ్నల్ బలం చూపించే ఎస్-మీటర్ అనే ముల్లు ఉంటుంది. దాని మీద ఒక్క గీత తగ్గాలంటే శక్తి నాలుగో వంతు కావాలి. వంద వాట్లను 25 చేస్తే ఒక గీత తగ్గింది. 25ను ఆరుంపావు చేస్తే రెండో గీత తగ్గింది. అయిదంటే ఇంకాస్త. అంటే వంద వాట్ల వాడికీ అయిదు వాట్ల వాడికీ మధ్య తేడా రెండు గీతల కంటే కొంచెం ఎక్కువ, అంతే. వంద వాట్ల సిగ్నల్ ఏడో గీత దగ్గర ఉంటే, అయిదు వాట్లది అయిదో గీతకు కాస్త కింద ఉంటుంది. హాయిగా వినపడుతుంది.

ఆ రెండు గీతలు కొనడానికి బైకు కొనేంత డబ్బు పెట్టాలి. అవే రెండు గీతలు వేరే చోట దాదాపు ఉచితంగా దొరుకుతాయి. తీగను ఇంకాస్త ఎత్తుకు కట్టడంలో. సరైన వేళ ఎంచుకోవడంలో. మాట బదులు మోర్స్ వాడటంలో. మాటకు రెండున్నర వేల హెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్సుకు నూటయాభై చాలు. ఉన్న కాస్త శక్తి సన్నటి దారిలో పోతుంది కాబట్టి అటువైపు చెవికి స్పష్టంగా అందుతుంది.

ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. లైసెన్సు వచ్చిన కొత్తలో నేనూ చేస్తే ఘనంగా చేయాలనుకున్నవాణ్నే. దాచుకున్న డబ్బు పెట్టి పెద్ద సెట్టు కొన్నాను. తీగ మాత్రం పిట్టగోడకు రెండు గజాల ఎత్తున, బట్టలారేసే తాడు పక్కన, ఓపిక లేక ఎలాగోలా కట్టాను. నెల రోజులు పిలిచాను. బెంగళూరు, చెన్నై తప్ప దూరం నుంచి ఎవరూ పలకలేదు. హైదరాబాదులో ఉండే పెద్దాయన, నాకు మోర్స్ నేర్పినవారు, ఒకరోజు ఇంటికొచ్చి మేడెక్కి చూసి నవ్వారు. "పెట్టె కొన్నావు గానీ తీగ కట్టలేదు. పవర్ అయిదుకు తగ్గించు. నీ తప్పులన్నీ నీకే కనపడతాయి" అన్నారు.

తగ్గించాను. నిజంగానే కనపడ్డాయి. వెదురు బొంగులు తెచ్చి, చెరోవైపు అయిదేసి మీటర్ల రాగి తీగను మూడంతస్తుల ఎత్తుకు లేపాను. పిలవడం మానేసి వినడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాటాక, సూర్యుడు దిగే వేళ 14 మెగాహెర్ట్జ్ యూరప్ వైపు తెరుచుకుంటుందని పుస్తకంలో ఎప్పుడో చదివాను, చెవితో తెలుసుకున్నది మాత్రం అప్పుడే. పదకొండు సాయంత్రాలు ఒట్టివే పోయాయి. పన్నెండో రోజు రష్యా నుంచి ఒక స్టేషన్ నా కాల్ సైన్‌లో రెండక్షరాలు పట్టుకుని, చివరిదేమిటని అడిగింది. మూడుసార్లు పంపాక అందుకుంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదని చెబితే నవ్వుకుంటారేమో, కానీ నిజం.

శక్తి ఎక్కువుంటే మన తప్పులు దాని కింద దాక్కుంటాయి. తక్కువుంటే బయటపడతాయి. పిల్లల విషయంలోనూ మనం వంద వాట్లే పెంచుకుంటూ పోతున్నాం కదా? ఇంకో ట్యూషన్, ఇంకో మెటీరియల్, ఇంకో గంట స్టడీ అవర్. ఈ మాట మిమ్మల్ని ఉద్దేశించి మాత్రమే అనడం లేదు. మా బడీ అందులో భాగమే, నేనూ భాగమే. తీగ సరిగ్గా కట్టామో లేదో చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండటం లేదు.

హైదరాబాదు నుంచి ప్రపంచానికి

క్లబ్బులో పిల్లలు సోల్డరింగ్ నేర్చుకుంటున్న చిన్న కిట్ల గురించి కూడా కొందరు అడిగారు. వాటి వెనక మనం గర్వపడాల్సిన కథ ఒకటుంది.

హైదరాబాదులో అష్హర్ ఫర్హాన్ గారని ఒక హామ్ ఉన్నారు. నగరంలో లమకాన్ సాంస్కృతిక వేదికను స్థాపించిన వారిలో ఆయన ఒకరు. 2003 ప్రాంతంలో ఆయన బిట్ఎక్స్ అనే రేడియోను రూపొందించి, దాని సర్క్యూట్ డయాగ్రం ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ప్రపంచానికి ఇచ్చేశారు. 14 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడే సెట్టు, శక్తి ఆరేడు వాట్లు. దాని గొప్పతనం ఏమిటంటే, విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిన ఖరీదైన భాగాలు అందులో దాదాపు లేవు. మామూలు ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే ట్రాన్సిస్టర్లు, క్రిస్టళ్లు చాలు. ప్రత్యేకమైన కాయిల్ కోర్లు దొరకని చోట కుళాయిలో వేసే వాషరు మీదే తీగ చుట్టుకోవచ్చని ఆయన చేసి చూపించారు. అందులో లెక్క కూడా పిల్లలకు అర్థమయ్యేదే. ఒక చోట 10 మెగాహెర్ట్జ్, ఇంకో చోట 4 మెగాహెర్ట్జ్. రెండూ కలిస్తే 14.

మన దగ్గర కొత్తగా హామ్ అయినవాళ్లు దిగుమతి సెట్టు కొనలేరన్న ఆలోచనతో మొదలైన ఆ సెట్టును చూసి, కొనగలిగిన అమెరికా, యూరప్ వాళ్లు కూడా ఇంట్లో కూర్చుని కట్టుకున్నారు. తర్వాత దాని కొత్త రూపాలు కిట్లుగా వచ్చి హైదరాబాదు నుంచి దేశదేశాలకు వెళ్లాయి. పెద్ద కంపెనీ సెట్టు మూత తీస్తే వారంటీ పోతుంది. ఈ సెట్టుకు అసలు మూతే అక్కర్లేదు. ఏ భాగం ఏం చేస్తుందో వేలు పెట్టి చూపించవచ్చు. మన పిల్లలు నేర్చుకోవాల్సిన ఇంజినీరింగ్ ఇదేనని నా అభిప్రాయం.

నిజం చెప్పే రిపోర్టు

హాములు మాట్లాడుకోగానే మొదట ఇచ్చుకునేది సిగ్నల్ రిపోర్టు. మూడంకెలు. మొదటిది ఎంత స్పష్టంగా అర్థమవుతోందో, అయిదుకు. రెండోది ఎంత బలంగా ఉందో, తొమ్మిదికి. మూడోది స్వరం ఎంత శుభ్రంగా ఉందో, అదీ తొమ్మిదికే. 599 అంటే నూటికి నూరు.

మొహమాటానికో, తొందరలోనో చాలామంది అందరికీ 599 ఇచ్చేస్తారు. పోటీల్లో అయితే మరీను. "మీది 599" అని పంపి, వెంటనే "మీ కాల్ సైన్ మళ్లీ చెప్పండి, వినపడలేదు" అని అడుగుతారు! హాముల్లో ఇదొక పాత జోకు. అయిదు వాట్ల వాడికి మాత్రం అలాంటి రిపోర్టు ఎందుకూ పనికిరాదు. తీగ ఎత్తు పెంచితే లాభం కలిగిందా లేదా అన్నది అవతలివాడి నిజమైన అంకె చెబితేనే తెలుస్తుంది. 339 అని వస్తే అతను బాధపడడు. నిన్న 329, ఇవాళ 339, అంటే మెరుగైందని రాసుకుంటాడు.

ఇక ఆ ఎనిమిదో తరగతి పాప మేడ మీద రాసుకుంటున్నదేమిటో చెబుతాను. అది లాగ్ బుక్కు. తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, ఏం వినపడింది. నాకు చూపించినప్పుడు పద్దెనిమిది రోజులు రాసి ఉన్నాయి. అందులో ఏడు రోజుల ఎదురుగా 'ఏమీ వినపడలేదు' అని ఉంది. కొట్టివేతల్లేవు, సర్దుబాటు లేదు. తొమ్మిదో రోజు పక్కన ఇంకో వాక్యం ఉంది: 'ఏడున్నర తర్వాత గరగర ఎక్కువైంది, ఎందుకో.' పదకొండో రోజు: 'కింద హాల్లో చార్జర్ తీసేస్తే గరగర పోయింది.' రేడియో పట్టుకుని గదిగదికీ తిరిగి కనిపెట్టిందట. చవక చార్జర్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు రేడియో అలల మీద గోల చేస్తాయని నేనింకా చెప్పలేదు. ప్రాక్టికల్ రికార్డుల్లో 'ఫలితం సరిచూడబడినది' అని ముందే రాసుకునే పిల్లల్ని ఏళ్లుగా చూస్తున్న ఫిజిక్స్ టీచరుకు ఆ పేజీ ఎంత విలువైనదో మీకు చెప్పలేను.

మీ అనుమానాలు

అనుమానాలు న్యాయమైనవే. ఒక్కొక్కటిగా చూద్దాం.

'సెల్ ఫోన్ ఉండగా ఇదెందుకు?' 2004 డిసెంబరు గుర్తు చేసుకోండి. హైదరాబాదులో 1983 నుంచి పనిచేస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారు అండమాన్ వెళ్లి, పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రపంచంలోని వేలాది హాములతో మాట్లాడుతున్నారు. ఆ నెల 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదాగా మొదలైన ఆ రేడియో స్టేషనే ద్వీపాల నుంచి బయటికి కబుర్లు చేరవేసే దారి అయింది. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. విపత్తు వేళ వినపడటమే ముఖ్యం కాబట్టి అప్పుడు ఎక్కువ శక్తి కావాలి, అయిదు వాట్ల పంతం పనికిరాదు. కానీ ఆ రోజు ఆ సెట్టు ముందు కూర్చున్న మనిషికి బలహీనమైన సిగ్నల్‌ను పట్టే చెవి, ఓపిక ముందే ఉండాలి. అవి సునామీ వచ్చిన రోజున నేర్చుకునేవి కావు.

'ఇప్పుడు కంప్యూటరే అన్నీ చేస్తుందట కదా?' నిజమే. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ బహుమతి పంచుకున్న జో టేలర్ గారు హామ్ కూడా. చెవికి అసలు వినపడని సిగ్నళ్లను పట్టే ఎఫ్‌టీ8 అనే పద్ధతిని ఆయన, సహచరుడు స్టీవ్ ఫ్రాంకీ కలిసి 2017లో ఇచ్చారు. మన పిల్లలూ దాన్ని వాడతారు. అయితే ముందు చెవి, తర్వాత కంప్యూటర్. ఎక్కాలు వచ్చాక క్యాలిక్యులేటర్ ఇచ్చినట్టు.

'చదువు దెబ్బతినదా?' హద్దు లేకపోతే దెబ్బతింటుంది. క్రికెట్టయినా, ఫోనయినా, రేడియో అయినా అంతే. అందుకే శనివారం రెండు గంటలు, మిగతా రోజుల్లో అరగంట మించొద్దని, పరీక్షల వారం క్లబ్బు మూసేస్తామని పిల్లలకు చెప్పాం. రేడియో వల్ల లెక్కల మార్కులు పెరుగుతాయని నేను మాటివ్వను. అలా మాటిచ్చేవాళ్లను మీరు నమ్మకండి కూడా.

'రోజూ ఫలితం ఉంటుందా?' ఉండదు. వానాకాలం ఉరుముల గరగరలో కొన్ని వారాలు ఒట్టివే పోతాయి. పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గే సూర్యుడి మచ్చలను బట్టి కూడా దూరాలు మారతాయి. ఈసారి 2024 ప్రాంతంలో ఆ చక్రం శిఖరానికి చేరింది. రాబోయే కొన్నేళ్లు క్రమంగా తగ్గుతుంది. అప్పుడు అయిదు వాట్లకు ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. అలాంటి ఓపికకు పిల్లలకు ఇప్పుడు ఇంకెక్కడా చోటు లేదు.

అవతలి చెవి

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. అయిదు వాట్ల గెలుపు మన ఒక్కరి గెలుపు కాదు. ఆ రోజు నన్ను పట్టుకున్న రష్యా హామ్ దగ్గర మంచి యాంటెనా ఉంది. చుట్టూ నిశ్శబ్దం ఉంది. అన్నిటికన్నా ముందు, 'ఇంత సన్నగా పిలుస్తున్నది ఎవరో' అని ఆగి వినే మనసుంది. గట్టిగా పిలుస్తున్నవాళ్లు ఆ రోజు చాలామందే ఉన్నారు. వాళ్లతో మాట్లాడి నన్ను వదిలేయవచ్చు. వదల్లేదు. మూడుసార్లు అడిగాడు.

1977లో బయలుదేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక ఇప్పుడు 2,400 కోట్ల కిలోమీటర్ల పైదూరంలో ఉంది. దాని ట్రాన్స్‌మిటర్ శక్తి ఇరవై వాట్ల పైచిలుకు, అంతే. దాని మాట మనకు అందుతోందంటే నేల మీద డెబ్బై మీటర్ల వెడల్పున్న డిష్‌లు దానికేసి చెవి ఒగ్గి ఉన్నాయి కాబట్టి. దూరం ఎప్పుడూ ఇద్దరు కలిసి దాటేదే.

మీ పిల్లల్లోనూ అయిదు వాట్ల వాళ్లుంటారు. క్లాసులో చెయ్యెత్తరు. డిన్నర్ దగ్గర అడిగితే 'ఏం లేదు' అంటారు. వాళ్లను గట్టిగా మాట్లాడమని కోచింగ్ ఇప్పించడం ఒక పద్ధతి. మనం టీవీ కట్టేసి, ఫోను పక్కన పెట్టి, ఇంట్లో గరగర తగ్గించి వినడం ఇంకో పద్ధతి. రెండోదానికి ఫీజు లేదు.

ఏం చేయవచ్చు

ఆసక్తి ఉన్నవాళ్ల కోసం కొన్ని పనికొచ్చే సంగతులు.

ముందు వినండి. షార్ట్ వేవ్ ఉన్న చిన్న రేడియో చాలు. అదీ లేకపోతే నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్లు తమ రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా తెరిచి ఉంచారు. మీ ఫోన్లోనే పిల్లలతో కలిసి యూరప్ హాముల మాటలు, మోర్స్ వినవచ్చు.

లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. పిల్లలకు ఈ మాట మొదటే చెప్పండి. మన క్లబ్బుకు ఇంకా లైసెన్సు రాలేదు. అందుకే అక్కడ ఇప్పుడు జరుగుతున్నది వినడం, సోల్డరింగ్, పాఠాలు మాత్రమే. పన్నెండేళ్లు నిండిన పిల్లలు ఎవరైనా కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష రాయవచ్చు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టుకోవాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది మాటల వేగంతో మోర్స్ రావాలి. సిలబస్‌లో కరెంటు, ఎలక్ట్రానిక్స్, అలల పాఠాలు, నిబంధనలు ఉంటాయి. మన తొమ్మిది, పదో తరగతి ఫిజిక్స్ చదివినవాళ్లకు సగం దారి తెలిసినట్టే.

తీగ కట్టేటప్పుడు కరెంటు తీగలకు దూరంగా, పెద్దలు పక్కనుండి కట్టాలి. ఉరుములు మెరుపులు రాకముందే యాంటెనాను సెట్టు నుంచి తీసేయాలి. ఈ రెండు విషయాల్లో మాత్రం ఎలాంటి ప్రయోగాలూ వద్దు.

వంద వాట్ల సెట్టు కోసం డబ్బులిస్తానన్న ఆయనకు నా మనవి: ఆ ఆలోచనను రెండేళ్లు వాయిదా వేయండి. ముందు పది మంది పిల్లలు తాము కట్టిన సెట్టు మీద, తాము కట్టిన తీగతో ఒక్కొక్క దూరదేశాన్ని పట్టుకోనివ్వండి. ఆ తర్వాత పెద్ద సెట్టు కావాలో వద్దో వాళ్లే చెబుతారు. ఇప్పటికైతే మంచి సోల్డరింగ్ ఐరన్లు నాలుగు, రాగి తీగ చుట్ట ఒకటి చాలు.

ఆ పాప నాన్నగారికి ఇంకొక్క మాట. లెక్కల్లో తగ్గిన నాలుగు మార్కుల సంగతి లెక్కల టీచరుతో నేను మాట్లాడాను. భిన్నాల దగ్గర తడబడుతోందట, సరిచేస్తారు. మీరు మాత్రం ఒక సాయంత్రం మేడెక్కి ఆమె పక్కన అరగంట కూర్చోండి. ఏమీ అడగకండి. రేడియోలో గరగర తప్ప ఏమీ వినపడకపోవచ్చు. అలాగైతే ఆమె లాగ్ బుక్కులో 'ఏమీ వినపడలేదు' అని రాసుకుంటుంది. దాని పక్కన 'నాన్న కూడా ఉన్నాడు' అని రాస్తుందో లేదో చూసి నాకు చెప్పండి.